అన్నకు సిరిసిల్ల, చెల్లెకు జగిత్యాల, మనకు చప్పట్లు

"ఒక్కసారి ఆయన ఇంగ్లీషు విను బాస్!"

కేటీఆర్ మాటెత్తితే మన ఐటీ జనాల నోటి నుంచి వచ్చే మొదటి డైలాగు ఇదే. రెండోది: "వారసుడే, కాదనను. కానీ సమర్థుడు కదా!" మూడోది: "డాక్టర్ కొడుకు డాక్టరైతే లేని బాధ, నాయకుడి కొడుకు నాయకుడైతే ఎందుకు?" క్యాంటీన్లో, క్యాబుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, అమెరికా వెళ్తే అక్కడి పాట్‌లక్కుల్లో... విని విని చెవులు చిల్లులు పడ్డాయి. ఇక ఉండబట్టలేక రాస్తున్నా.

ముందే చెప్పేస్తున్నా. మాది జగిత్యాల జిల్లా. కోరుట్లలో చుట్టాలు, సిరిసిల్లలో దోస్తులు ఉన్నారు. నేను ఏ పార్టీ మనిషినీ కాదు. కేసీఆర్ మీద కోపంతో రాస్తున్నది అసలే కాదు. తెలంగాణ రావడంలో ఆయన పాత్రను కాదనేవాడికి చరిత్ర తెలియదు. నా గొడవ ఆయన పిల్లలతో కూడా కాదు. మనతోనే. పక్క క్యూబికల్ వాడికి మేనేజర్ బావమరిది అన్న కారణంతో ప్రమోషన్ వస్తే నెల రోజులు రగిలిపోయే మనం, అదే పని అసెంబ్లీలో జరిగితే విజిల్ ఎందుకు వేస్తున్నామని!

సరే, మొదటి నుంచి చూద్దాం.

కేటీఆర్ గారు గుంటూరు విజ్ఞాన్‌లో, హైదరాబాదు నిజాం కాలేజీలో చదివారు. పుణేలో బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ, న్యూయార్కులో ఎంబీఏ చేశారు. అమెరికాలో ఉద్యోగం చేసి, 2006 ప్రాంతంలో వదిలేసి ఉద్యమంలోకి వచ్చారు. చెల్లెలు కవిత గారు ఇంజనీరింగ్ చదివి, మిసిసిపీలో ఎమ్మెస్ చేసి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి వాపసు వచ్చారు. చూశారా, అచ్చం మన బయోడేటాలే! మనకు నచ్చింది కూడా అదే. మనలాంటివాడు మంత్రి అయ్యాడని ఒక మురిపెం. కానీ ఆ బయోడేటాలో మనకు లేని లైను ఒకటుంది. తండ్రి పేరు దగ్గర ఉన్న లైను.

అదే కాలంలో మా కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల పల్లెలకు వాపసు వచ్చిన వాళ్లు ఇంకా వేల మంది ఉన్నారు. దుబాయి నుంచి, మస్కట్ నుంచి, సౌదీ నుంచి. సిరిసిల్లకైతే భివండి నుంచి. వాళ్లూ పరదేశం చూసినవాళ్లే, వాళ్లకూ ఊరి కష్టం తెలుసు, ఉద్యమంలో రోడ్డు మీద వంటా వార్పూ చేసినవాళ్లే. అందులో ఎంతమందికి ఎమ్మెల్యే టికెట్ దాకా దారి దొరికింది? వార్డు మెంబరు దాకా వెళ్లినవాడే ఊళ్లో పెద్ద లీడరు.

2009 ఎన్నికలకు వద్దాం. అప్పుడు తెరాస మహాకూటమిలో ఉంది. సిరిసిల్లలో పార్టీని భుజాన మోస్తూ టికెట్ తనకే అనుకున్న స్థానిక నాయకుడు కేకే మహేందర్ రెడ్డి. టికెట్ మాత్రం అధినేత కొడుక్కి వచ్చింది. మహేందర్ రెడ్డి ఇండిపెండెంటుగా నిలబడ్డారు. ఫలితం? కేటీఆర్ 171 ఓట్లతో బయటపడ్డారు. నూటా డెబ్భై ఒకటి! మన గేటెడ్ కమ్యూనిటీలో ఒక్క టవరులో ఉండే ఓట్లు. పార్టీ గుర్తు, అధినేత పేరు, కూటమి బలం ఒక వైపు. ఉత్త చేతులతో ఒక స్థానికుడు ఇంకో వైపు. అయినా తేడా 171. అంటే పార్టీ లోపల ఆరోజు నిజాయితీగా ఒక ఓటింగు పెట్టి ఉంటే టికెట్ ఎవరికి దక్కేదో మీరే ఊహించుకోండి.

తర్వాత కథ మనకు తెలిసిందే. 2010 ఉప ఎన్నికలో కేటీఆర్ మెజారిటీ 68 వేలు దాటింది. 2014లో 53 వేలు, 2018లో 89 వేలు, 2023లో దాదాపు 30 వేలు. మహేందర్ రెడ్డి కాంగ్రెస్‌లోకి వెళ్లి 2010లో ఓడారు, 2018లో ఓడారు, 2023లోనూ ఓడారు. "చూశావా, జనమే తీర్పిచ్చారు" అంటారు మనోళ్లు. నిజమే, ఇచ్చారు. కానీ ఆ తీర్పు వచ్చేసరికి ఒకరి చేతిలో ఉద్యమ పార్టీ గుర్తు, తర్వాత మంత్రి పదవి ఉన్నాయి, ఇంకొకరి చేతిలో ఏమీ లేదు. మొదటి అవకాశం ఎవరికి ఇచ్చామో వాడే పెరుగుతాడు. రెండోవాడు పెరగలేదు కాబట్టి వాడికి దమ్ము లేదనడం సర్వైవర్‌షిప్ బయాస్ కాక ఏమిటి? డేటా చూసి బతికే మనమే ఈ మాట అంటే ఎలా?

ఇక్కడ ఇంకో సంగతి. కేసీఆర్ గారు ఇలా రాలేదు. ఆయన 1983లో సిద్దిపేటలో పోటీ చేసి ఓడిపోయారు. 1985లో గెలిచారు. ఎమ్మెల్యే, మంత్రి, డిప్యూటీ స్పీకర్... ఒక్కో మెట్టూ ఎక్కి, 2001లో పదవి వదిలేసి సొంత పార్టీ పెట్టి, ఎదురుదెబ్బలు తిని, మళ్లీ లేచి ముఖ్యమంత్రి అయ్యారు. కొడుకు 2009లో ఎమ్మెల్యే, 2014లో మంత్రి, 2018 డిసెంబరులో పార్టీ వర్కింగ్ ప్రెసిడెంట్. మెట్లెక్కి వచ్చిన తండ్రి పిల్లల కోసం లిఫ్టు పెట్టించి, ఆ లిఫ్టుకు ఇంటివాళ్ల కార్డే పనిచేసేట్టు చేశారు. నాకు బాధ కలిగించేది ఇది. దిక్కూ మొక్కూ లేని మామూలు కుర్రాడు కూడా ఎదగగలడని నిరూపించిన మనిషే, తన వెనక ఆ తలుపు మూసేశాడు.

"కానీ సమర్థుడు కదా!"

ఏమాటకామాటే. అవును, సమర్థుడే. 2015లో టీ-హబ్ తెరిచారు, పరిశ్రమల అనుమతులకు టీఎస్-ఐపాస్ నడిపించారు, పెద్ద పెద్ద కంపెనీల వాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడారు. మాదాపూర్లో, గచ్చిబౌలిలో తిరిగే వాడెవడూ ఇది కాదనలేడు. ఉద్యమంలో ఆయన రోడ్డెక్కిన సంగతీ కాదనను. నా ప్రశ్న ఆయన సమర్థత మీద కాదు, సమర్థులైన మిగతా వాళ్ల మీద. ఆ కుర్చీలో అంత కాలం కూర్చునే అవకాశం వస్తే అలా పనిచేయగలిగిన వాళ్లు పార్టీలో ఇంకెవరూ లేరా? మనకు తెలియదు. తెలుసుకునే పరీక్ష పెట్టలేదు కాబట్టి. ఒక్క క్యాండిడేట్‌నే పిలిచి ఇంటర్వ్యూ చేసి, "ఇంతకన్నా మంచివాడు దొరకలేదు" అని హెచ్ఆర్ చెబితే మనం ఒప్పుకుంటామా?

పైగా ఆ సమర్థతకు ఎంత భాగం పుట్టుక తోడొచ్చిందో కూడా చూడాలి. ముఖ్యమంత్రి కొడుకు మాటిస్తే ఫైలు కదులుతుందని కంపెనీవాడికి తెలుసు, ఆఫీసరుకూ తెలుసు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని సామెత. ఇక్కడ కూర్చున్నది కడబంతి కూడా కాదు, వడ్డించేవాడి పక్క పీట. ఆ మాటకొస్తే అదే ఐటీ శాఖ ఇంకో మామూలు ఎమ్మెల్యేకి ఇచ్చి ఉంటే సగం ఫైళ్లు ఆర్థిక శాఖ దగ్గరే నిద్రపోయేవి. అంటే మనం మెచ్చుకున్నది వ్యవస్థను కాదు, వ్యవస్థను దాటవేసే షార్ట్‌కట్‌ను. మనిషి మారగానే షార్ట్‌కట్ మాయం.

నమ్మకపోతే సిరిసిల్లనే చూడండి. ఒకప్పుడు నేతన్నల ఆత్మహత్యలతో "ఉరిసిల్ల" అనిపించుకున్న ఊరు. వేలాది మరమగ్గాలు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చింది. ఏటా కోటి చీరల దాకా. మొదటి ఏడాది సూరత్ చీరలు కలిశాయని ఆడవాళ్లు చీరలు తగలబెట్టారు గానీ, తర్వాత ఆర్డరు సిరిసిల్లకే పోయింది. సాంచాలు ఆగకుండా నడిచాయి, భివండి పోయినవాళ్లు కొందరు వాపసు వచ్చారు. చాలా మంచి పని, ఆ కూలి డబ్బులతో పొయ్యి వెలిగిన ఇళ్లు నేను చూశాను.

మరి 2023 డిసెంబరులో ప్రభుత్వం మారాక ఏమైంది? ఆ ఆర్డరు ఆగింది. పాత బకాయిలు ఆగాయి. 2024లో సాంచాలు బందయ్యాయి, మళ్లీ ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2025లో మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చాక గానీ కాస్త ఊపిరాడలేదు. తప్పు కొత్త ప్రభుత్వానిది కాదా అంటే, తప్పకుండా ఉంది. కూలోళ్ల కడుపు మీద రాజకీయం చేసే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు. కానీ మనం సర్వీస్ కంపెనీల్లో పనిచేసేవాళ్లం కదా, ఒక్క ప్రశ్న. ఒకే ఒక్క క్లయింటు, ఆ క్లయింటు కూడా మన బాస్ ఇంటివాడు... దీన్ని బిజినెస్ అంటారా, దయ అంటారా? జౌళి శాఖ కూడా కేటీఆర్ చేతిలోనే ఉన్న ఆ ఏళ్లలో సిరిసిల్ల బట్ట బయటి మార్కెట్లో తన కాళ్ల మీద నిలబడే పని ఎంత జరిగిందో సిరిసిల్ల ఆసాములను అడగండి. రాజుగారి బిడ్డ ఉన్నంత కాలం అడగకుండానే ఆర్డరొస్తుంది. లేని రోజున అడిగినా రాదు. వారసుడి నియోజకవర్గం కావడం వరం అనుకునేవాళ్లు ఈ రెండో సగం కూడా చదవాలి.

ఇక మా వైపు. జగిత్యాల, కోరుట్ల అసెంబ్లీ సీట్లు రెండూ నిజామాబాద్ ఎంపీ సీటు కిందికి వస్తాయి. 2014లో అక్కడ కవిత గారు లక్షా 67 వేల మెజారిటీతో గెలిచారు. తండ్రి ముఖ్యమంత్రి, అన్న మంత్రి, మేనబావ హరీశ్ రావు మంత్రి, తాను ఎంపీ. ఇంకేం కావాలి, మా పంట పండినట్టే అనుకున్నారు జనం. కోరుట్ల నియోజకవర్గంలో ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ ఉంది. తెరాస వస్తే నిజాం షుగర్స్‌ను ప్రభుత్వమే తీసుకుంటుందని ఎన్నికల ముందు ఊరూరా విన్నాం. 2015 డిసెంబరులో ముత్యంపేటకు తాళం పడింది. చెరుకు రైతు ఇంకో ఫ్యాక్టరీ వెతుక్కుంటూ లారీలెక్కించాడు. పసుపు బోర్డు కేంద్రం చేతిలోది, దానికి ఆమెను పూర్తిగా తప్పుపట్టలేం, ఢిల్లీలో అడిగారు కూడా. కానీ ఫ్యాక్టరీ ఎవరి చేతిలోది? ఇంట్లో అడిగితే సరిపోయేది కాదూ!

2019లో 178 మంది రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. మొత్తం 185 మంది అభ్యర్థులు, ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 ఈవీఎంలు. ప్రపంచంలో ఏ ప్రోడక్టుకూ యూజర్లు ఇంత పెద్ద బగ్ రిపోర్టు ఇచ్చి ఉండరు! ముఖ్యమంత్రి కూతురు 70 వేల ఓట్ల పైచిలుకు తేడాతో ఓడిపోయారు. మా జిల్లా రైతుల్ని చూసి ఆ రోజు నా ఛాతీ పొంగింది.

పొంగిన ఛాతీ ఎంతసేపు? గెలిచిందెవరు? ధర్మపురి అరవింద్. ఎవరాయన? పీసీసీ మాజీ అధ్యక్షుడు డీ. శ్రీనివాస్ కొడుకు! కూతురును దించి కొడుకును ఎక్కించాం. ఇక ఓడిన కవిత గారు ఇంట్లో కూర్చున్నారా అంటే, 2020 అక్టోబరులో స్థానిక సంస్థల నుంచి ఎమ్మెల్సీ అయిపోయారు. మామూలు కార్యకర్త ఓడితే అయిదేళ్లు ఎవరూ ఫోనెత్తరు. వారసులకు ఓటమి అంటే చిన్న లీవు లాంటిది.

అసలు తమాషా 2023 కోరుట్లలో. జాగ్రత్తగా చదవండి. బీఆర్ఎస్ అభ్యర్థి డాక్టర్ కల్వకుంట్ల సంజయ్, అప్పటిదాకా ఎమ్మెల్యేగా ఉన్న విద్యాసాగర్ రావు కొడుకు. బీజేపీ అభ్యర్థి పైన చెప్పిన అరవింద్, డీఎస్ కొడుకు. కాంగ్రెస్ అభ్యర్థి జువ్వాడి నర్సింగరావు, మాజీ మంత్రి రత్నాకర్ రావు కొడుకు. మూడు పార్టీలు, మూడు రంగుల జెండాలు, ముగ్గురూ కొడుకులే! కోరుట్ల ఓటరు డ్రాప్‌డౌన్‌లో మూడే ఆప్షన్లు, ఏది నొక్కినా ఒకే వాల్యూ రిటర్న్ అవుతుంది. సంజయ్ గెలిచారు. ఇప్పుడు చెప్పండి, "జనమే ఎన్నుకుంటున్నారు కదా" అన్న వాదన ఏ మొహంతో చేద్దాం?

కమ్యూనిస్టుల ఇంటికైనా ఇది తప్పలేదు. సిరిసిల్ల నుంచి పలుమార్లు గెలిచిన కమ్యూనిస్టు యోధుడు చెన్నమనేని రాజేశ్వరరావు. ఆయన కొడుకు రమేశ్ పక్కనే వేములవాడకు 2009 నుంచి ఎమ్మెల్యే. ఆయన జర్మనీ పౌరుడేనని 2024 డిసెంబరులో హైకోర్టు తేల్చింది. అప్పటికి ఆయన పదవీకాలాలన్నీ హాయిగా అయిపోయాయి.

మరి సొంతంగా ఎదిగినవాళ్లు లేరా? ఉన్నారు. జగిత్యాల జీవన్ రెడ్డి 1983లో మొదటిసారి గెలిచారు. ఆయన రాజకీయాలు అందరికీ నచ్చకపోవచ్చు, కానీ దశాబ్దాల పాటు జనంలో తిరిగి సంపాదించుకున్న పేరు అది. 2024లో నిజామాబాద్ ఎంపీకి నిలబడితే ఏమైంది? లక్షకు పైగా ఓట్ల తేడాతో అరవింద్ చేతిలో ఓడిపోయారు. మోడీ గాలి, ఇంకా ఏవేవో కారణాలు ఉంటాయి. కానీ మా వైపు కుర్రాళ్లకు అర్థమయ్యే పాఠం ఒక్కటే: నలభై ఏళ్లు తిరగడం కన్నా సరైన ఇంట్లో పుట్టడం సులువు.

ఇక మన శాఖ సంగతి. ఇది ఐటీ వాళ్లు ప్రత్యేకంగా చదవాలి. తెలంగాణలో ఐటీ మంత్రి కేటీఆర్, మాజీ ముఖ్యమంత్రి కొడుకు. 2023 డిసెంబరులో ఆ శాఖ తీసుకున్న శ్రీధర్ బాబు, మాజీ స్పీకర్ శ్రీపాదరావు కొడుకు. ఆంధ్రలో 2017లో నారా లోకేశ్, ముఖ్యమంత్రి కొడుకు; ఒక్క ప్రత్యక్ష ఎన్నికా గెలవకముందే ఎమ్మెల్సీ, ఆ వెంటనే మంత్రి. 2019లో మేకపాటి గౌతమ్ రెడ్డి, మాజీ ఎంపీ కొడుకు. ఆయన అకాల మరణం తర్వాత 2022లో గుడివాడ అమర్‌నాథ్, మాజీ మంత్రి కొడుకు. 2024లో మళ్లీ లోకేశ్. విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లో ఈ శాఖకు మంత్రులైన వాళ్లలో పల్లె రఘునాథరెడ్డి లాంటి ఒకరిద్దరు మినహా అందరూ వారసులే. మెరిట్, మెరిట్ అని పొద్దస్తమానం జపం చేసే మన పరిశ్రమకు దక్కిన మంత్రుల లిస్టు ఇది! వాళ్లలో మంచివాళ్లు లేరని కాదు. అన్నిసార్లూ పుత్రరత్నాలే ఎంపికైతే మాత్రం ఆ ఎంపిక పద్ధతిలో ఎక్కడో హార్డ్‌కోడింగ్ ఉందని ఫ్రెషర్ కూడా చెప్పగలడు.

డాక్టర్ కొడుకు ఉదాహరణకు జవాబు చాలా చిన్నది. డాక్టర్ కొడుకు నీట్ రాయాలి, ఆ పేపరు వాళ్ల నాన్న దిద్దడు. రాజకీయంలో టికెట్టే ఎంట్రెన్సు, పేపరు దిద్దేది నాన్నే.

"అమెరికాలో బుష్షులు లేరా?" అని అడిగే అన్నలకు కూడా ఒక మాట. ఉన్నారు. కానీ 2016లో జెబ్ బుష్ గతి చూడండి. తండ్రి ప్రెసిడెంట్, అన్న ప్రెసిడెంట్, తాను రెండుసార్లు గవర్నర్, చేతిలో కుప్పలు తెప్పలుగా డబ్బు. సొంత పార్టీ ఓటర్లే ప్రైమరీల్లో తిప్పికొడితే ఫిబ్రవరిలోనే ఇంటికి పోయాడు. వారసుడు ఉండటం తప్పు కాదు, వారసుణ్ణి వద్దనగలిగే గేటు లేకపోవడం తప్పు. 2009లో సిరిసిల్ల కార్యకర్తలకు అలాంటి గేటు ఒకటి ఉంటే, కేటీఆర్ దాన్ని దాటి వచ్చి ఉంటే, నేనే మొదటి చప్పట్లు కొట్టేవాణ్ణి.

పార్టీని ఆస్తిలా పెంచితే చివరికి ఏమవుతుందో కూడా చూశాం. ఆస్తికి పంపకాల గొడవ తప్పదు. 2025 మేలో కవిత గారు తండ్రికి రాసిన ఉత్తరం బయటికొచ్చింది. హరీశ్ రావు మీద, మరో బంధువు సంతోష్ మీద ఆమె బహిరంగంగా ఆరోపణలు చేశారు. సెప్టెంబరు 2న పార్టీ ఆమెను సస్పెండ్ చేసింది, మర్నాడే ఆమె పార్టీకీ ఎమ్మెల్సీ పదవికీ రాజీనామా ప్రకటించారు. వందల మంది ప్రాణాలు పెట్టుబడిగా పెట్టిన ఉద్యమ పార్టీ భవిష్యత్తు గురించి టీవీల్లో చర్చ ఏమిటంటే, అన్నా చెల్లెళ్లు, బావా బావమరుదులు మాట్లాడుకుంటున్నారా లేదా అని! జెండా మోసిన జగిత్యాల కార్యకర్తకు ఇందులో నోరెత్తే జాగా ఎక్కడుంది? పెళ్లిలో బ్యాండువాడికి పంపకాల్లో ఓటుంటుందా?

సరే, ఏం చేయాలంటావ్ అంటారా? మూడు పనులు.

ఒకటి, చట్టం. పార్టీల రిజిస్ట్రేషను ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఏ సెక్షను కింద జరుగుతుంది. రిజిస్టరయ్యాక లోపల ఏం జరిగినా పెద్దగా అడిగే దిక్కులేదు. కొన్ని మినహాయింపులు తప్ప రిజిస్ట్రేషను రద్దు చేసే అధికారం ఎన్నికల సంఘానికి లేదని 2002లో సుప్రీంకోర్టు చెప్పేసింది. పార్టీల్లో అంతర్గత ప్రజాస్వామ్యానికి చట్టం కావాలని లా కమిషన్ 1999లోనే సిఫారసు చేసింది. ఆ ఫైలు దుమ్ము దులపమని అడుగుదాం. ప్రతి ఓట్ల సీజన్లో, ప్రతి పార్టీని.

రెండు, డబ్బు. ఎన్నారై విభాగాల పేరుతో వారసులు డాలస్, న్యూజెర్సీ వచ్చినప్పుడు హాలు అద్దె, పూలదండలు, డిన్నర్లు మన జేబులోంచే పోతున్నాయి. ఇచ్చేముందు ఒక్క ప్రశ్న వేయండి: "మా ఊరి టికెట్ ఎవరు, ఎలా నిర్ణయిస్తారు?" జవాబు రాకపోతే డాలర్లు రాకూడదు.

మూడు, ఊరు. సొంతూళ్లో సర్పంచుగా, కౌన్సిలరుగా నిలబడే, వెనక ఎవరూ లేని కుర్రాడికి వెబ్‌సైటు చేసిపెట్టండి, ఆర్టీఐ రాసిపెట్టండి, పెట్రోలు ఖర్చివ్వండి. వారసుణ్ణి తిట్టడం తేలిక. వారసుడు కానివాణ్ణి పైకి తేవడమే కష్టం.

ఒప్పుకోనివాళ్లు రండి, వాదించుకుందాం. అయితే ఒక షరతు. "సమర్థుడు కదా" అని మాత్రం మొదలుపెట్టొద్దు. సమర్థుడే అని నేనే ఒప్పుకున్నా. ఆ సీటుకు ఇంటర్వ్యూ ఎవరు చేశారో, ఎంతమందిని పిలిచారో, అక్కడ మొదలుపెట్టండి.